నలభై ఏడు మైక్రోఫారడ్లు

తడి తువ్వాల్లో చుట్టి తెచ్చాడు పరదేశి,
వలలో పడ్డ పిల్ల సొరను తెచ్చినట్టు.
"జిలానీ బాయ్, ఏటైనాదో సూడు.
ఎనిమిదేళ్ళు ఒక్క పూటా ఆపలేదు దీన్ని.
మొన్న గాలివానకి కరెంటు పోనాది,
మల్లీ వొచ్చినాది. ఇదే రానేదు."

హార్బరు వైర్‌లెస్ సెట్టుకి అన్నం పెట్టే పెట్టె.
పన్నెండు బోట్లు నీళ్ళ మీదున్నాయట,
గట్టుకి గొంతు లేదు.

కోటవీధిలో నా కొట్టు పడవంత వెడల్పు.
విశాఖలో ఇనుముకి ముసలితనం తొందరగా వస్తుంది:
మూత విప్పితే ఉప్పు పూసిన స్క్రూలు,
హీట్‌సింకు మీద తెల్లటి పొక్కులు,
ఎండి అట్టకట్టిన బల్లి ఒకటి.
అందరూ దాన్నే అంటారు. నేను అనను.

ముందు పెద్ద కెపాసిటరు.
ప్లగ్గు పీకేసినా మూడొందల ఇరవై వోల్టులు
కళ్ళు మూసుకుని పడుకుంటాయి అందులో.
నా బొటనవేలి మీది మచ్చ వాటి సంతకమే.
బల్బు హోల్డరు వైర్లు ఆనించాను.
ఒక్కసారి మెరిసి, ఆరింది.
ఇప్పుడు చెయ్యి పెట్టొచ్చు.

ఫ్యూజు బాగుంది. బ్రిడ్జి బాగుంది.
మాస్‌ఫెట్ మూడు కాళ్ళూ తడిమి చూశాను,
మీటరు కుయ్యిమనలేదు, అదీ బాగుంది.
అన్నీ బాగున్నాయంటారు, మనిషి మాత్రం లేవడు,
అప్పుడు ఇంట్లోవాళ్ళు ఎలా నిలబడతారో
పరదేశి అలా నిలబడ్డాడు గుమ్మంలో.

సిరీస్ బల్బు పెట్టి ప్లగ్గు గుచ్చాను.
టిక్.
ఆగి, టిక్.
చాలాసేపు ఆగి, టిక్.
"గుండె కొట్టుకుంతంది గదా?"
కాదు. లేద్దామని మోచేతి మీద ఆని
మళ్ళీ ఒరిగిపోవడం.

ఈ పెట్టెలకొక గుణం ఉంది.
లేవడానికి బయటి నుంచి ఒక గుక్కెడు కావాలి.
లేచాక తన చుట్టలోంచి తనే తాగుతుంది,
ఏళ్ళ తరబడి ఎవర్నీ అడగదు.
ఆ మొదటి గుక్కెడు పట్టే గిన్నె
చింతపిక్కంత ఉంటుంది.
వేడి హీట్‌సింకుని ఆనుకుని కూచుని
ఎనిమిదేళ్ళూ లోలోపల ఎండింది.
నడుస్తున్నన్నాళ్ళూ ఎవరికి తెలుస్తుంది?

ఉబ్బలేదు, కారలేదు, వాసన లేదు.
నా దగ్గరున్నది అనుమానం ఒక్కటే.
మా ఆవిడ హెయిర్‌డ్రయ్యరు తెచ్చి
దాని నెత్తిన వేడిగాలి ఊదాను, నూరు లెక్కపెట్టి.
టిక్. టిక్.
ఆగింది.
ఆకుపచ్చ దీపం.
పరదేశి చెంపలేసుకున్నాడు, నాకో డ్రయ్యరుకో.

వెచ్చబెడితే లేచింది సరే, అది మరమ్మతు కాదు.
ప్లగ్గు తీసేశాను. మళ్ళీ బల్బు, మళ్ళీ మెరుపు.
టంకం కరిగించి పాతదాన్ని లాగితే
కాళ్ళ కింద బోర్డు బెల్లం రంగు తిరిగి ఉంది.
బిస్కెట్ల డబ్బాలో వెతికాను:
నలభై ఏడు మైక్రోఫారడ్లు, యాభై వోల్టులు,
నూటయిదు డిగ్రీల సెగ తట్టుకునేది, మూడు రూపాయలది.
మైనస్ గీత ఎటుందో రెండుసార్లు చూసుకున్నాను,
రెండోసారి కళ్ళజోడుతో.
పాత టూత్‌బ్రష్షుకి స్పిరిట్టు అద్ది ఉప్పు కడిగాను,
బల్లిని కాగితంలో చుట్టి బయటికి పంపాను.
కారు హెడ్‌లైటు కట్టి అరగంట బరువు మోయించాను.
పదమూడు పాయింటు ఎనిమిది.
ముల్లు కదల్లేదు.

"ఎంత?"
"రెండొందలు."
"మూడు రూపాయల పిక్కకా!"
"పిక్కకి మూడే. మిగతాది బల్లిని అననందుకు."

నెలకోసారి ఆపి చూడమన్నాను.
"ఆపితే లెగకపోతే?"
లేవకపోతే నా కొట్టుకి తే,
గాలివాన రాకముందే.
నా మాట నచ్చలేదు అతనికి.
ఆపకుండా నడిపిన చెయ్యి అది.

చీకటిపడే వేళకి నేనూ వెళ్ళాను హార్బరుకి.
ఐసు గొడ్డలి చప్పుడు, డీజిలు, రొయ్యపొట్టు.
సెట్టుకి తీగలు కలిపి మైకు పట్టుకున్నాడు,
నొక్కడానికి ఒక నిమిషం పట్టింది.

బరబరమని గాలి, దాని వెనక సముద్రం,
దాని వెనక ఎవడో కుర్రాడు, నోట్లో ముద్దతో:
"ఏటి పరదేశి మావా,
మొన్నట్నించీ పలకవు, అలిగినావా?"